హోస్టింగ్ మెయిల్ నుంచి బిజినెస్ మెయిల్‌కి, షేర్డ్ క్యాలెండర్‌కి మారడం: నా అనుభవం

వెబ్‌సైట్ హోస్టింగ్‌తో పాటు ఊరికే వచ్చిన మెయిల్ మీద నడుస్తున్న ఆఫీసును గూగుల్ వర్క్‌స్పేస్‌కి మార్చే పని నేను చూశాను. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఇరుక్కుంటాం, ఎందుకు ఇరుక్కుంటాం అన్నది రాస్తున్నాను. మైక్రోసాఫ్ట్ 365కి వెళ్లేవాళ్లకూ చాలామటుకు ఇదే వరస. తేడా ఉన్నచోట చెబుతాను. ఎమ్ఎక్స్ రికార్డు (డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పేది) మార్చడమే పెద్ద గండమని అందరూ భయపడతారు గానీ, నిజానికి అది పది నిమిషాల పని. టైమంతా తినేసేది దానికి ముందు వేసుకోవాల్సిన లెక్క, ఆ తర్వాత వచ్చే క్యాలెండర్.

అడ్రసుల లెక్క

పాత కంట్రోల్ ప్యానెల్ తెరిచి, అందులో ఉన్న ప్రతి అడ్రసునూ ఒక షీట్‌లోకి ఎక్కించుకోవాలి. మెయిల్‌బాక్సులు ఒక్కటే కాదు. ఫార్వర్డర్లు, ఆటో రిప్లైలు, క్యాచ్-ఆల్ (లేని అడ్రసులకు వచ్చినవన్నీ పట్టే పెట్టె) కూడా. ప్రతి అడ్రసు ఎదురుగా మూడు సంగతులు రాసుకోవాలి: దాన్ని ఎవరు చదువుతున్నారు, దాని పేరుతో ఎవరు జవాబిస్తున్నారు, ఇప్పుడు సైజు ఎంత. రెండో ప్రశ్నకు ఎవరూ సరిగ్గా సమాధానం చెప్పరు. కానీ లైసెన్సులు ఎన్ని కొనాలో తేలేది దాని మీదే.

మనిషి పేరుతో ఉన్న అడ్రసుకు పూర్తి ఖాతా కావాలి, అందులో ఆలోచించేదేం లేదు. డబ్బు వృథా అయ్యేది ఇన్ఫో, సేల్స్, అకౌంట్స్ లాంటి అడ్రసుల దగ్గర. ఒక్కరే చూసే అడ్రసైతే ఏలియాస్ (అదే ఖాతాకు ఇంకో అడ్రసు) చాలు. వర్క్‌స్పేస్‌లో ఒక్కో ఖాతాకు 30 ఏలియాస్‌ల దాకా అదనంగా ఏమీ కట్టకుండా పెట్టుకోవచ్చు. కాకపోతే ఆ పేరుతోనే జవాబు వెళ్లాలంటే, ఖాతా ఉన్న మనిషి తన జీమెయిల్ సెట్టింగ్స్‌లో ‘సెండ్ మెయిల్ యాజ్’ కింద ఆ అడ్రసును చేర్చుకోవాలి. అడ్మిన్ ఏలియాస్ పెట్టేసి వదిలేస్తే మెయిల్ వస్తుంది గానీ జవాబు సొంత పేరుతో పోతుంది.

నలుగురు చూసే అడ్రసుకు గ్రూప్ (వచ్చిన మెయిల్‌ను సభ్యులందరికీ పంపే అడ్రసు) పెట్టాలి. కొత్త గ్రూప్‌కు బయటివాళ్లు మెయిల్ పంపే అనుమతి మొదట ఉండదు. గ్రూప్ సెట్టింగ్స్‌లో, ఎవరు పోస్ట్ చేయొచ్చు అన్న చోట బయటివాళ్లను కూడా చేర్చాలి. ఇది మరిచిపోతే లోపలి నుంచి ఎన్ని టెస్ట్ మెయిళ్లు పంపినా బ్రహ్మాండంగా చేరతాయి, కస్టమర్ పంపింది మాత్రం తిరుగుటపాలో వెనక్కి పోతుంది. అందుకే టెస్ట్ ఎప్పుడూ బయటి అడ్రసు నుంచే చేయాలి. దీనికి మరో కారణం కూడా ఉంది. మనం సభ్యులుగా ఉన్న గ్రూప్‌కు మనమే మెయిల్ పంపితే, జీమెయిల్ దాన్ని మళ్లీ మన ఇన్‌బాక్సులో చూపించదు. పంపిన కాపీ సెంట్‌లో ఉంది కదా అని రెండోదాన్ని కలిపేస్తుంది. ఇది తెలియక, గ్రూప్ పనిచేయడం లేదని మొదటివారం ఫోన్లు వస్తాయి.

మైక్రోసాఫ్ట్ 365లో ఈ అవసరానికి షేర్డ్ మెయిల్‌బాక్స్ ఉంది. 50 జీబీ దాకా దానికి లైసెన్సు అక్కర్లేదు. ఈ విషయంలో నాకు గూగుల్ గ్రూప్ కంటే అదే నచ్చుతుంది: చదివినదీ చదవనిదీ అందరికీ ఒకేలా కనిపిస్తుంది, ఎవరు ఏ ఫోల్డర్‌లో పెట్టినా అందరికీ అక్కడే ఉంటుంది. దానికున్న లోపం, షేర్డ్ బాక్స్ పేరుతో పంపిన జవాబు మామూలుగా పంపినవాళ్ల సొంత సెంట్ ఐటమ్స్‌లోకి పోతుంది. మిగతావాళ్లకు జవాబు వెళ్లిందో లేదో తెలియదు, ఒకే కస్టమర్‌కు రెండు జవాబులు వెళతాయి. అడ్మిన్ సెంటర్‌లో ఆ మెయిల్‌బాక్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పంపినవాటి కాపీ షేర్డ్ బాక్సులో కూడా ఉంచమని ఆన్ చేయాలి. మొదటి రోజే చేయాల్సిన పని.

క్యాచ్-ఆల్ జోలికి మాత్రం వెళ్లకపోవడం మేలు. పాత సర్వర్‌లో అది ఉంటే, ఏ తప్పు అడ్రసులకు నిజమైన మెయిళ్లు వస్తున్నాయో చూసుకుని, వాటిని ఏలియాస్‌లుగా పెట్టేసి మిగతాది ఆపేయాలి. అందులోకి వచ్చేదంతా దాదాపు చెత్తే.

డీఎన్‌ఎస్ ఎవరి చేతిలో ఉంది

డీఎన్‌ఎస్ అంటే డొమైన్ రికార్డుల పట్టిక, నేమ్‌సర్వర్లు దాన్ని ఉంచే సర్వర్లు. డొమైన్ ఒక చోట కొని, నేమ్‌సర్వర్లు ఇంకోచోట, వెబ్‌సైట్ మరోచోట ఉండటం మామూలే. రికార్డులు మార్చాల్సింది నేమ్‌సర్వర్లు ఎక్కడికి చూపిస్తున్నాయో అక్కడ. డొమైన్ కొన్న చోట ప్యానెల్‌లో కూడా డీఎన్‌ఎస్ పేజీ కనిపిస్తుంది, అక్కడ మార్చినా సేవ్ అవుతుంది, కానీ ప్రపంచానికి ఏమీ మారదు. నేమ్‌సర్వర్లనే మార్చమని ఎవరైనా సలహా ఇస్తే ఆగి ఆలోచించాలి. అలా చేస్తే వెబ్‌సైట్ సర్వర్ ఐపీ చెప్పే ‘ఏ’ (A) రికార్డుతో సహా సబ్‌డొమైన్లు, పాత టీఎక్స్‌టీ (రాత రూపంలో ఉండే) రికార్డులు అన్నీ కొత్త చోట మళ్లీ ఎక్కించాలి. మెయిల్ మార్చడానికి నేమ్‌సర్వర్లు మార్చాల్సిన అవసరం లేదు.

ఉన్న రికార్డులన్నిటినీ ముందుగా ఒక కాపీ తీసి పెట్టుకోవాలి. తర్వాత ఎమ్ఎక్స్ రికార్డు టీటీఎల్ (రికార్డును ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకోవాలో చెప్పే అంకె) చూడాలి. 86400 అని ఉంటే, పాత విలువను సర్వర్లు 24 గంటల దాకా గుర్తుపెట్టుకుంటాయని అర్థం. దాన్ని 300కి తగ్గించాలి, అదీ మార్పిడికి కనీసం ఒక రోజు ముందు. మార్పిడి రాత్రే తగ్గిస్తే ప్రయోజనం లేదు, ఎందుకంటే పాత టీటీఎల్‌తో దాన్ని అప్పటికే తీసుకున్న సర్వర్లు ఆ గడువు తీరేదాకా మళ్లీ అడగవు.

డొమైన్ మనదే అని నిరూపించే టీఎక్స్‌టీ రికార్డు వల్ల మెయిల్‌కు ఏ ఇబ్బందీ రాదు. దాన్ని ముందే పెట్టేసి, ఖాతాలన్నీ సృష్టించుకుని, గ్రూపులు కట్టుకుని, అందరి పాస్‌వర్డులూ ఇచ్చేశాకే ఎమ్ఎక్స్ జోలికి వెళ్లాలి. ఖాతా లేని అడ్రసుకు మెయిల్ వస్తే కొత్త సర్వర్ దాన్ని అక్కడికక్కడే తిప్పికొడుతుంది. పంపినవాళ్లకు ‘అలాంటి అడ్రసు లేదు’ అని వెళుతుంది. మెయిల్ ఆలస్యం కావడం కంటే ఇది ఎక్కువ నష్టం.

పాత మెయిల్ తరలింపు

మామూలుగా దీనికి ఐమ్యాప్ (మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చదివే పద్ధతి) వాడతారు. పాత సర్వర్ పేరు, పోర్ట్ 993, ఒక్కో ఖాతా పాస్‌వర్డ్ ఇస్తే అడ్మిన్ కన్సోల్‌లోని మైగ్రేషన్ టూల్ లాగేసుకుంటుంది. ఐమ్యాప్‌లో వచ్చేది మెయిల్ మాత్రమే. కాంటాక్టులు, క్యాలెండర్, ఫిల్టర్లు, సంతకాలు రావు. వీటిని ముందే విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

కొందరు ఔట్‌లుక్‌లో రెండు ఖాతాలూ పెట్టి ఫోల్డర్లు ఇటు నుంచి అటు లాగుదామనుకుంటారు. చిన్న బాక్సుకు సరే. పెద్దదానికి పనికిరాదు, ఎందుకంటే ఐమ్యాప్ దారిలో ఒక్కో ఖాతాలోకి రోజుకు 500 ఎంబీ మాత్రమే ఎక్కించడానికి జీమెయిల్ ఒప్పుకుంటుంది. 5 జీబీ బాక్సంటే పది రోజులు. పైగా కొన్ని ప్రోగ్రాములు పాత తేదీని సరిగా అందించవు. ఐదేళ్ల మెయిలంతా ఈరోజు వచ్చినట్టు వరుసలో నిలబడుతుంది. గూగుల్ సొంత మైగ్రేషన్ టూల్‌కు ఆ రోజువారీ పరిమితి అడ్డురాదు.

ఫోల్డర్ల పేర్లు చూసుకోవాలి. పాత సర్వర్లు చాలావాటిలో ప్రతి ఫోల్డర్ పేరుకూ ముందు ‘ఇన్‌బాక్స్’, ఒక చుక్క ఉంటాయి. టూల్‌లో ఆ ముందుభాగం తీసేయమని చెప్పకపోతే లేబుళ్లన్నీ అదే పేరు కిందకు వెళ్లి కూర్చుంటాయి. పంపిన మెయిళ్లది ఇంకో తంటా: వెబ్‌మెయిల్ ‘సెంట్’లో, ఔట్‌లుక్ ‘సెంట్ ఐటమ్స్’లో, ఐఫోన్ ‘సెంట్ మెసేజెస్’లో దాస్తూ వచ్చి ఉంటాయి. మూడింటినీ కొత్త సెంట్‌లోకే చేర్చేలా అమర్చుకోవాలి.

పాప్3తో మెయిల్ దించుకునే కంప్యూటర్ ఏదైనా ఉంటే దాని సంగతి వేరు. అకౌంట్స్ విభాగంలోనో, చాలాకాలంగా ఉన్నవాళ్ల దగ్గరో తప్పకుండా ఒకటి బయటపడుతుంది. దాని మెయిలంతా ఆ కంప్యూటర్‌లోని ఔట్‌లుక్ పీఎస్‌టీ ఫైల్‌లోనే ఉంటుంది, సర్వర్‌లో ఏమీ మిగలదు. ఐమ్యాప్ మైగ్రేషన్ ‘విజయవంతం, 40 మెయిళ్లు’ అని చూపిస్తే అనుమానించాల్సింది దీన్నే. పీఎస్‌టీని ఎక్కించడానికి ఔట్‌లుక్ నుంచి తెచ్చే గూగుల్ టూల్ వేరే ఉంది, అది కాంటాక్టులనూ క్యాలెండర్‌నూ కూడా తెస్తుంది.

పాత మెయిల్‌లో ఎక్కువ భాగాన్ని ఎమ్ఎక్స్ మార్చక ముందే తెచ్చేసుకుని, మార్చాక మిగిలిన కొత్తవాటి కోసం మరోసారి నడపాలి. టూల్ అంతకుముందు తెచ్చినవాటిని వదిలేసి తేడా మాత్రమే తెస్తుంది.

ఎమ్ఎక్స్ మార్పిడి

2023 నుంచి గూగుల్ కొత్త ఖాతాలకు ఒకే ఎమ్ఎక్స్ రికార్డు ఇస్తోంది, ప్రయారిటీ 1 (చిన్న అంకె ఉన్నదాన్నే ముందు చూస్తారు). పాత సూచనల్లో కనిపించే ఐదు రికార్డుల వరస కూడా పనిచేస్తుంది. ఏదో ఒకటి పెట్టాలి, పాత హోస్టింగ్ ఎమ్ఎక్స్‌ను పూర్తిగా తీసేయాలి. ‘బ్యాకప్‌గా ఉంటుంది కదా’ అని పెద్ద అంకె ప్రయారిటీతో దాన్ని ఉంచేయడం మంచిది కాదు. స్పామ్ పంపేవాళ్లు కావాలనే ఆ రెండో దారిలో వస్తారు, అప్పుడప్పుడు మంచి మెయిల్ కూడా అటు పోయి ఎవరూ చూడని పాత పెట్టెలో పడుతుంది.

కొన్ని ప్యానెళ్లు మనం రాసిన సర్వర్ పేరు చివర మన డొమైన్‌ను తమంతట తామే తగిలిస్తాయి. సేవ్ చేశాక రికార్డును బయటి నుంచి ఒకసారి అడిగి చూస్తే తెలిసిపోతుంది. పేరు చివర చుక్క పెడితే అలా తగిలించవు.

ఇక చాలామంది గంటల తరబడి వెతికే సమస్య. ఎమ్ఎక్స్ మారింది, బయటి నుంచి మెయిళ్లు వస్తున్నాయి, కానీ వెబ్‌సైట్ కాంటాక్ట్ ఫారమ్ నుంచి ఒక్కటీ రావడం లేదు. కారణం: వెబ్ సర్వర్ తనలో ఇంకా ఆ డొమైన్ మెయిల్‌బాక్సులు ఉన్నాయనుకుంటుంది. అందుకే ఎమ్ఎక్స్ చూడకుండా తన దగ్గరి పాత పెట్టెలోనే వేసేస్తుంది. హోస్టింగ్ ప్యానెల్ సీప్యానెల్ అయితే, అందులో ‘ఈమెయిల్ రూటింగ్’ పేజీకి వెళ్లి ‘లోకల్’ బదులు ‘రిమోట్’ ఎంచుకుంటే తీరిపోతుంది. అదే హోస్టింగ్ సర్వర్‌లో ఉన్న ఇతర డొమైన్ల వాళ్లు మనకు పంపే మెయిళ్లు కూడా దీని వల్లే దారి తప్పుతాయి. ‘ఒక్క ఆ కంపెనీ నుంచే మెయిల్ రావడం లేదు’ అంటే ముందు ఇదే చూడాలి.

పంపే మెయిల్ స్పామ్‌లోకి పోకుండా

మెయిల్ రావడం మొదలవగానే పని అయిపోయిందనుకుంటారు. వెళ్లే మెయిల్ అవతల ఎక్కడ పడుతోందన్నది ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డుల మీద ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటి విషయంలో కఠినంగా ఉన్నాయి. జీమెయిల్ అడ్రసులకు రోజుకు 5000కు పైగా పంపేవాళ్లకు మూడూ తప్పనిసరి, తక్కువ పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటైనా ఉండాలి. చిన్న ఆఫీసైనా మూడూ పెట్టుకోవడమే మంచిది.

ఎస్‌పీఎఫ్ అంటే మన డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే టీఎక్స్‌టీ రికార్డు. డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. హోస్టింగ్‌వాళ్లు పెట్టిన పాతది ఉండగానే గూగుల్ ఇచ్చినదాన్ని రెండో రికార్డుగా చేరిస్తే రెండూ చెల్లవు. ఎవరు ఎస్‌పీఎఫ్ చూసినా పర్మనెంట్ ఎర్రర్ వస్తుంది. రెండింటినీ ఒకే వరుసలో కలపాలి. రెండో హద్దు, దాన్ని విప్పి చూడటానికి పది డీఎన్‌ఎస్ లుకప్‌లకు మించకూడదు. రికార్డులో రాసే ‘ఇన్‌క్లూడ్’ (ఇంకో సర్వీసు జాబితాను కలపడం), ‘ఏ’, ‘ఎమ్ఎక్స్’ అన్నీ లెక్కలోకి వస్తాయి, ఇన్‌క్లూడ్ లోపలి ఇన్‌క్లూడ్‌లు కూడా. ఐపీ నేరుగా రాస్తే లెక్కలోకి రాదు. న్యూస్‌లెటర్ సర్వీసు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, సపోర్ట్ టికెట్ల సాఫ్ట్‌వేర్ అని ఒక్కొక్కటే కలుపుతూ పోతే పది దాటడం ఎంతోసేపు పట్టదు. చివర్లో టిల్డా-ఆల్ (~all, జాబితాలో లేనివాటిని అనుమానించమని చెప్పేది) పెట్టి మొదలుపెట్టడం సురక్షితం.

డీకిమ్ ప్రతి మెయిల్‌కూ వేసే డిజిటల్ సంతకం. జీమెయిల్ ఆన్ చేశాక కీ తయారుచేసుకోవడానికి 24 నుంచి 72 గంటలు ఆగాల్సి రావచ్చు. 2048 బిట్ల కీ తీసుకోవాలి. అది 255 అక్షరాలు దాటుతుంది కాబట్టి, ఒక టీఎక్స్‌టీ ముక్కలో అంత పొడవు పట్టని పాత డీఎన్‌ఎస్ ప్యానెళ్లు దాన్ని మధ్యలో తెంచేసి చడీచప్పుడూ లేకుండా సేవ్ చేస్తాయి. అలాంటప్పుడు విలువను రెండు కొటేషన్ ముక్కలుగా విడగొట్టి పెట్టాలి. రికార్డు పెట్టాక అడ్మిన్ కన్సోల్‌కు తిరిగి వచ్చి ‘స్టార్ట్ ఆథెంటికేషన్’ నొక్కాలి. డీఎన్‌ఎస్‌లో కీ ఉంది, మెయిళ్లలో సంతకం లేదు అంటే ఈ బటన్ నొక్కలేదన్నమాట. రికార్డు పెట్టకముందే ‘వచ్చిందా, వచ్చిందా’ అని పదేపదే చెక్ చేయడం కూడా చెడ్డ అలవాటే. ‘లేదు’ అన్న జవాబును కూడా డీఎన్‌ఎస్ సర్వర్లు కాసేపు గుర్తుపెట్టుకుంటాయి.

డీమార్క్ ఈ రెండింటినీ ఫ్రమ్ అడ్రసుతో ముడిపెడుతుంది. మొదట పాలసీ ‘నన్’ (none, ఏ చర్యా వద్దు) అని పెట్టి, రిపోర్టులు వచ్చే అడ్రసు ఇవ్వాలి. రిపోర్టులు ఎక్స్‌ఎమ్ఎల్ ఫైళ్లు. కళ్లతో చదవలేం, వాటిని చూపించే టూల్ ఒకటి వాడాలి. మన పేరుతో పంపుతున్న, మనమే మర్చిపోయిన సర్వీసులు అన్నీ వాటిలో బయటపడతాయి. చాలామందికి అర్థం కానిది ఒకటుంది. న్యూస్‌లెటర్ సర్వీసు తన సొంత రిటర్న్-పాత్ (చేరని మెయిల్ తిరిగొచ్చే) అడ్రసుతో పంపితే ఎస్‌పీఎఫ్ పాస్ అవుతుంది, కానీ అది ఆ సర్వీసు డొమైన్‌కు పాస్, మనదానికి కాదు. డీమార్క్ దాన్ని లెక్కచేయదు. ఆ సర్వీసు సెట్టింగ్స్‌లో మన డొమైన్‌తో డీకిమ్ సంతకం పెట్టేలా అమర్చాలి. రిపోర్టుల్లో మన సర్వీసులన్నీ పాస్ అయ్యాకే ‘క్వారంటైన్’కు (స్పామ్‌లో వేయమని), తర్వాత ‘రిజెక్ట్’కు (తిప్పికొట్టమని) వెళ్లాలి. ఎవరో చెప్పారని తొలిరోజే రిజెక్ట్ పెడితే సొంత ఇన్వాయిస్‌లే వెనక్కి వస్తాయి.

ఫార్వర్డింగ్ కూడా ఎస్‌పీఎఫ్‌ను చెడగొడుతుంది, ఎందుకంటే మెయిల్‌ను తిరిగి పంపే సర్వర్ అసలు పంపినవాళ్ల జాబితాలో ఉండదు. డీకిమ్ మాత్రం, మెయిల్‌ను మధ్యలో ఎవరూ మార్చకపోతే, నిలుస్తుంది. మైక్రోసాఫ్ట్ 365లోనైతే బయటి అడ్రసులకు ఆటో ఫార్వర్డింగ్ ముందు నుంచే ఆపి ఉంటుంది. పాత చోట సొంత మెయిల్‌కు ఫార్వర్డ్ పెట్టుకున్నవాళ్లు ముందుగా గొణిగేది ఇందుకే. దాన్ని తెరవకపోవడమే ఆఫీసుకు మంచిదని నా ఉద్దేశం.

స్కానర్లు, బిల్లింగ్ ప్రోగ్రాములు

స్కాన్ చేసి మెయిల్ పంపే ప్రింటర్, రాత్రిపూట రిపోర్ట్ పంపే పాత ప్రోగ్రాం, అలారం పంపే కెమెరా రికార్డర్ — వీటిని అడ్రసుల లెక్కలో ఎవరూ రాయరు. మామూలు పాస్‌వర్డ్‌తో ఇవి గూగుల్‌లో ఇక లాగిన్ కాలేవు. ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ (మైక్రోసాఫ్ట్ 365 మెయిల్ సర్వర్) 2022 అక్టోబర్ నుంచి ఐమ్యాప్, పాప్‌లకు ఆ పద్ధతిని మూసేస్తూ వచ్చింది, గూగుల్ కూడా అదే దారి పట్టింది. వర్క్‌స్పేస్‌లో రెండు మార్గాలున్నాయి: టూ-స్టెప్ (రెండంచెల లాగిన్) ఉన్న ఖాతాలో యాప్ పాస్‌వర్డ్ (ఒక్క యంత్రం కోసం ఇచ్చేది) సృష్టించి ఇవ్వడం, లేదా ఆఫీసు స్థిర ఐపీని అనుమతించి ఎస్ఎమ్‌టీపీ రిలే (ఆ ఐపీ నుంచి వచ్చే మెయిల్‌ను ముందుకు పంపే గూగుల్ సర్వర్) వాడటం. యంత్రాలు ఎక్కువైతే రిలేనే నయం, పాస్‌వర్డ్ మారిన ప్రతిసారీ ఒక్కో యంత్రం దగ్గరికీ వెళ్లక్కర్లేదు.

కొత్త చోట కూడా పంపడానికి హద్దు ఉంది: వర్క్‌స్పేస్ ఖాతాకు రోజుకు 2000 మెయిళ్లు, ట్రయల్ సమయంలో 500. ఇక అటాచ్‌మెంట్. మెయిల్‌లో ఫైలు ప్రయాణించే రూపంలో మూడోవంతుకు పైగా ఉబ్బుతుంది కాబట్టి, అవతలి సర్వర్ హద్దు 25 ఎంబీ అంటే ఫైలు దాదాపు 18 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది.

క్యాలెండర్

ఇక్కడికి వచ్చేసరికి టెక్నికల్ పని తగ్గి, మనుషులతో పని మొదలవుతుంది. పాత క్యాలెండర్‌ను ఐసీఎస్ ఫైలుగా తీసి గూగుల్ క్యాలెండర్‌లోకి ఇంపోర్ట్ చేస్తే తేదీ, సమయం, వివరం వస్తాయి. పిలిచినవాళ్ల జాబితా రాదు, వీడియో కాల్ లింకు ఆ మీటింగ్‌కు కట్టుబడి రాదు. అంటే అది కొత్త చోట ఒక ఒంటరి నోట్ మాత్రమే. సమయం మారిస్తే ఎవరికీ కబురు వెళ్లదు. పైగా అందరూ ఎవరి ఐసీఎస్ వాళ్లు ఎక్కించుకుంటే, వారం వారం జరిగే ఒకే మీటింగ్ పదిమంది దగ్గర పది విడి కాపీలుగా ఉంటుంది.

పనికొచ్చే పద్ధతి ఇది: జరిగిపోయిన వాటిని ఐసీఎస్‌తో తెచ్చుకోవాలి, రికార్డు కోసం. ముందున్న పదేపదే వచ్చే మీటింగులను మాత్రం నిర్వహించేవాళ్లే కొత్త క్యాలెండర్‌లో మళ్లీ పెట్టాలి, ఫలానా తేదీ నుంచి. పాతదాన్ని అదే తేదీతో ముగించాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని తప్పించే టూల్ కోసం వెతకడంలో ఇంకా ఎక్కువ సమయం పోతుంది.

షేరింగ్ గురించి ముందే తేల్చుకోవాలి. గూగుల్‌లో నాలుగు మెట్లున్నాయి: ఖాళీగా ఉన్నారా లేదా అన్నది మాత్రమే చూడటం, వివరాలన్నీ చూడటం, మార్చడం, మార్చడంతో పాటు ఎవరికి షేర్ చేయాలో కూడా నిర్ణయించడం. ఆఫీసు మొత్తానికి ఏ మెట్టు అన్నది అడ్మిన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. దాన్ని చూడకుండా వదిలేస్తే జీతాల చర్చ పేరుతో ఉన్న మీటింగ్ టైటిల్ అందరికీ కనిపించవచ్చు. లోపలివాళ్లకు ఖాళీ-బిజీ మాత్రమే పెట్టి, బృందాలకు అవసరమైనంత విడిగా తెరవడం నా పద్ధతి. ఇంకో సంగతి: ఒకరికి ‘మార్చే’ హక్కు ఇస్తే, ప్రైవేట్ అని గుర్తు పెట్టిన ఈవెంట్లు కూడా వాళ్లకు కనిపిస్తాయి. అసిస్టెంట్‌కు హక్కు ఇచ్చే ముందు క్యాలెండర్ సొంతదారుకు ఇది చెప్పాలి.

సెలవుల క్యాలెండర్ అందరూ అడుగుతారు, దానికి ఒక సెకండరీ (సొంతది కాక అదనంగా పెట్టే) క్యాలెండర్ సృష్టించి గ్రూప్‌తో షేర్ చేస్తే చాలు. ఒక్కొక్కరినీ విడివిడిగా చేర్చకూడదు. గ్రూప్‌కిస్తే కొత్తగా చేరినవాళ్లకు హక్కు దానంతటదే వస్తుంది. ఇందులో పడే మెలిక ఏమిటంటే, రోజంతా ఉండే ఈవెంట్ మామూలుగా ‘ఫ్రీ’ అని నమోదవుతుంది. మనిషి సెలవులో ఉన్నారని క్యాలెండర్‌లో రాసి ఉన్నా, మీటింగ్ పెట్టేవాళ్లకు ఖాళీగానే కనిపిస్తారు. సొంత క్యాలెండర్‌లో ‘అవుట్ ఆఫ్ ఆఫీస్’ రకం ఈవెంట్ పెట్టుకుంటేనే ఆ సమయం బిజీగా ఉంటుంది, వచ్చే ఆహ్వానాలకు ‘రాలేను’ అన్న జవాబు కూడా దానంతటదే వెళుతుంది. అంటే సెలవు రెండు చోట్ల రాయాలి. ఇది నాకూ నచ్చదు.

మీటింగ్ గదులను ఎవరో ఒకరి క్యాలెండర్‌గా కాకుండా రిసోర్స్‌గా పెట్టాలి. అప్పుడు గదిని కూడా ఒక అతిథిలా పిలవొచ్చు, ఖాళీ ఉంటే అదే ఒప్పుకుంటుంది, లేకపోతే తిరస్కరిస్తుంది. మైక్రోసాఫ్ట్‌లో గదికి ముందస్తు బుకింగ్ హద్దు మొదట 180 రోజులు. ముగింపు తేదీ లేకుండా వారం వారం మీటింగ్ పెడితే ఆ హద్దు దాటుతుంది కాబట్టి గది మొత్తం వరసనే తిరస్కరిస్తుంది. గది ఖాళీగా కనిపిస్తూనే ఒప్పుకోవడం లేదన్న ఫిర్యాదుకు జవాబు ఇదే. ముగింపు తేదీ పెట్టాలి, లేదా హద్దు పెంచాలి.

వేరే దేశాలవాళ్లతో పనిచేసే ఆఫీసుకు టైమ్‌జోన్ తలనొప్పి. పదేపదే వచ్చే మీటింగ్ ఏ టైమ్‌జోన్‌లో పెట్టామో ఆ గడియారానికి కట్టుబడి ఉంటుంది. న్యూయార్క్ ఉదయం పది గంటలకని పెడితే, అక్కడ గడియారం మారినప్పుడు, గడియారం మార్చని దేశంలో ఉన్నవాళ్లకు మీటింగ్ గంట అటో ఇటో జరుగుతుంది. అమెరికా మార్చి రెండో ఆదివారం మారుస్తుంది, బ్రిటన్ మార్చి ఆఖరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలు న్యూయార్క్, లండన్‌ల మధ్య తేడా ఐదు గంటలకు బదులు నాలుగే. ఆ వారాల్లో ‘క్యాలెండర్ తప్పు చూపిస్తోంది’ అంటారు, క్యాలెండర్ ఒప్పే. ఎవరి గడియారం ప్రకారం జరగాలో ముందే ఒప్పుకుని, ఈవెంట్‌లో ఆ టైమ్‌జోన్‌నే ఎంచుకోవాలి.

ఫోన్లలో చూసుకోవాల్సిన సంగతులు కొన్నే. ఐఫోన్ సొంత క్యాలెండర్ యాప్‌లో గూగుల్ ఖాతా పెడితే సొంత క్యాలెండర్ వస్తుంది, ఇతరులు షేర్ చేసినవి రాకపోవచ్చు. గూగుల్ క్యాలెండర్ సింక్ సెట్టింగ్స్ పేజీ విడిగా ఉంది, అందులో కావలసినవాటికి టిక్ పెట్టాలి. లింకుతో జతచేసుకున్న ఐసీఎస్ క్యాలెండర్‌లో మార్పులు గూగుల్‌లో కనిపించడానికి 12 గంటల దాకా పట్టొచ్చు, కాబట్టి రోజుకు నాలుగుసార్లు మారే షిఫ్టుల పట్టికను ఆ దారిలో ఇవ్వకూడదు. తెలియనివాళ్ల ఆహ్వానాలు నేరుగా క్యాలెండర్‌లో పడకుండా, తెలిసినవాళ్లవే చేరేలా ఒక సెట్టింగ్ ఉంది. స్పామ్ ఇప్పుడు మీటింగ్ రూపంలోనూ వస్తోంది కాబట్టి అందరికీ అది పెట్టించాలి.

ఎవరైనా మానేసినప్పుడు

ఖాతాను వెంటనే తొలగించకూడదు. ముందు పాస్‌వర్డ్ మార్చి, లాగిన్లన్నీ తెంచి, యాప్ పాస్‌వర్డులు రద్దు చేయాలి. తర్వాత వాళ్లు నిర్వహించే మీటింగుల జాబితా తీయాలి. గూగుల్‌లో ఈవెంట్‌ను మరొకరి పేరుకు మార్చొచ్చు. ఎక్స్ఛేంజ్‌లో నిర్వాహకుడిని మార్చే వీలు లేదు, రద్దు చేసి కొత్తవాళ్ల పేరుతో మళ్లీ పెట్టడమే. వాళ్లు సృష్టించిన సెకండరీ క్యాలెండర్లను, సెలవుల పట్టిక లాంటివి, తొలగించే ముందే బదిలీ చేయాలి. లేకపోతే ఖాతాతో పాటే పోతాయి. వర్క్‌స్పేస్‌లో తొలగించిన ఖాతాను 20 రోజుల్లోపు తిరిగి తెచ్చుకోవచ్చు, మైక్రోసాఫ్ట్ 365లో 30 రోజులు. ఆ గడువు దాటాక ఎవరినీ బతిమాలి ప్రయోజనం లేదు. సూపర్ అడ్మిన్ హక్కు ఇద్దరికి ఉండాలి, ఇద్దరి బ్యాకప్ కోడ్‌లూ కాగితం మీద ఉండాలి.

పాత హోస్టింగ్ మెయిల్‌బాక్సులను కొన్ని వారాలు అలాగే ఉంచి, ఆ తర్వాత ఒక్కోదాన్ని తెరిచి, మార్పిడి తేదీ తర్వాత వచ్చిన మెయిల్ ఏదైనా ఉందేమో చూడాలి. ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో హెడర్లలో (మెయిల్ వచ్చిన దారి నమోదయ్యే వరసల్లో) వెతకాలి: తొంభై పాళ్లు వెబ్ సర్వర్ రూటింగో, మిగిలిపోయిన ఎమ్ఎక్సో అయి ఉంటుంది. ఆ మెయిల్‌బాక్సులను తీసేశాక ఎస్‌పీఎఫ్‌లోంచి పాత సర్వర్ ఐపీని కూడా తొలగించాలి, వెబ్‌సైట్ ఫారమ్ దాని నుంచి పంపడం లేదని తేల్చుకున్నాక. టీటీఎల్‌ను మళ్లీ 3600కు పెంచాలి. డొమైన్ రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన సంస్థ) ఖాతాలో ఇచ్చిన మెయిల్ అడ్రసు అదే డొమైన్‌ది కాకుండా చూసుకోవాలి: రెన్యువల్ తప్పి డొమైన్ ఆగిపోతే మెయిల్ కూడా ఆగిపోతుంది, పాస్‌వర్డ్ రీసెట్ లింకు వచ్చేది ఆ ఆగిపోయిన అడ్రసుకే.